కరెంటు పోతే, కంపెనీ పోతే, నేను పోతే...

2023 వేసవి. ఆఫీసులో ఏదో మీటింగులో ఉండగా నాన్న ఫోన్. కట్ చేశాను. వెంటనే మళ్ళీ మోగింది. మా నాన్న వరసగా రెండోసారి చేశారంటే కొంపేదో మునిగిందనే అర్థం. బయటికొచ్చి ఎత్తాను.

"ఒరే, పొద్దుట్నుంచి మోటారు ఆడట్లేదు. పైన ట్యాంకులో చుక్క లేదు. నీ యాప్‌లో ఏదో ఎర్రగా చూపిస్తోంది, చూడు."

కాస్త వెనక్కెళ్ళి చెప్పాలి. మాది తెనాలి. 2021లో ఇంటి నుంచే పని చేసిన రోజుల్లో అక్కడే ఉన్నాను. సంపులోంచి పైన ట్యాంకుకి నీళ్ళెక్కించడానికి 1 హెచ్‌పీ మోటారు ఉంది. అమ్మ మోటారు వేసి వంటింట్లోకెళ్ళి మర్చిపోవడం, ట్యాంకు పొర్లడం, పక్కింటి పిన్నిగారు గోడ మీంచి కేకెయ్యడం.. ఇది రోజూ జరిగే తంతు. బీటెక్ చదివిన కొడుకు ఇంట్లో ఉండగా ఈ ఖర్మేమిటి అనిపించి, ఓ స్మార్ట్ స్విచ్ కొని బిగించాను. ఉదయం ఆరింటికి ఆన్, ఇరవై అయిదు నిమిషాల తర్వాత ఆఫ్. రెండేళ్ళు బ్రహ్మాండంగా పనిచేసింది. చుట్టాలందరికీ చూపించాను కూడా.

అంతటితో ఆగానా అంటే లేదు. గోడ మీద రెండు మీటలుంటే చూడ్డానికి బాగోదని పాత మీట పీకేసి, ఆ కన్నానికి డమ్మీ ప్లేటు బిగించేశాను.

ఆ రోజు జరిగిందేమిటంటే, ఆ స్విచ్ చేసిన కంపెనీ (పేరు అనవసరం) తన సర్వర్ ఆపేసింది. నెల ముందే మెయిల్ పంపారట. అది నా ప్రమోషన్స్ ట్యాబ్‌లో డిస్కౌంటు ఆఫర్ల మధ్య పడుంది. ఇంట్లో కరెంటుంది, మోటారు బాగానే ఉంది, సంపు నిండా నీళ్ళున్నాయి. కానీ యాప్‌లో మీట పనిచెయ్యదు, గోడ మీద మీట లేదు. అరవై దగ్గర పడిన మా అమ్మ ఆ ఎండలో సంపులోంచి బకెట్టుతో నీళ్ళు తోడుకుంది. సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి అరగంటలో నా డబ్బా పీకేసి మామూలు మీట పెట్టి వెళ్ళాడు. "ఎవరు సార్ ఇది పెట్టింది?" అని అడిగాడట. "మావాడే, ఇంజనీరులే" అన్నారట నాన్న. ఆ 'లే'లో ఏముందో నాకు తెలుసు :)

అప్పట్నుంచి ఈ ఇంటి ఆటోమేషన్ చరిత్ర తవ్వడం మొదలెట్టాను. అరవయ్యేళ్ళుగా నాలాంటి వాళ్ళు ఇదే పని చేస్తున్నారనీ, దాదాపు ఇవే గోతుల్లో పడుతున్నారనీ తెలిసి కాస్త ఊరట కలిగింది. ఆ గోతులు మూడు: కరెంటు పోతే ఏంటి? కంపెనీ పోతే ఏంటి? నేను పోతే ఏంటి? (మూడోది అమ్మ దగ్గర అన్నానంటే "అవేం మాటలురా సంధ్యవేళ" అంటుంది. పోవడమంటే ఊళ్ళో లేకపోవడమే అనుకోండి ప్రస్తుతానికి.)

* * *

మొదటి పేరు జిమ్ సదర్లాండ్. అమెరికాలో పిట్స్‌బర్గ్ వాడు, వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజనీరు. ఆఫీసులో మిగిలిపోయిన విడిభాగాలు పోగేసుకుని, తన ఇంట్లోనే ఓ కంప్యూటర్ కట్టాడు. పేరు ఎకో ఫోర్. 'ఎలక్ట్రానిక్ కంప్యూటింగ్ హోమ్ ఆపరేటర్'కి పొట్టి పేరు ఎకో. ఇది 1966 నాటి మాట. ఇంట్లో కంప్యూటర్ అన్న మాటే ఎవరూ అనని రోజులు. దాని బరువు సుమారు 360 కిలోలు. బీరువాల్లాంటి పెట్టెల్లో ఇంటి నేలమాళిగలో కాపురం పెట్టింది. ఇంట్లో గడియారాలు నడపడం, చలి వేడి చూసుకోవడం, సరుకుల జాబితా, ఇంటి లెక్కలు.. ఇవీ దాని పనులు. అంటే ఇవాళ మనం ఓ చిన్న బోర్డు కొని శనివారం రాత్రి మొదలెట్టి ఆదివారం మధ్యాహ్నానికి వదిలేసే ప్రాజెక్టే, కాకపోతే ఆయన వదిలెయ్యలేదు.

నాకు ఈ కథలో జిమ్ కన్నా ఆయన భార్య రూత్ ఎక్కువ ఆసక్తిగా అనిపించారు. ఈ యంత్రంతో కాపురం ఎలా ఉందో ఆవిడ 1967లో హోమ్ ఎకనామిక్స్ వాళ్ళ సభలో మాట్లాడారు. మొదట్లో ఇది తన స్థానంలోకే వచ్చేస్తుందేమో అనుకున్నారట. పత్రికలన్నీ జిమ్ తెలివి గురించి రాశాయి. రోజంతా ఆ ఇంట్లో ఉండి దాన్ని వాడాల్సిన మనిషి మాత్రం ఆవిడ. కట్టేవాడొకడు, దాంతో బతికేవాళ్ళు ఇంకొకరు. ఈ తేడా మొదటి ఇంట్లోనే మొదలైంది.

ఎకో ఫోర్ లాంటిది ఇంకోటి తయారవలేదు. అమ్మకానికీ రాలేదు. అది ఎలా నడుస్తుందో పూర్తిగా తెలిసింది ఒక్కడికే. 1984లో దాన్ని బోస్టన్‌లోని కంప్యూటర్ మ్యూజియానికి ఇచ్చేశారు.

అదే దశాబ్దం చివర, 1969లో, హనీవెల్ కంపెనీ 'కిచెన్ కంప్యూటర్' అని ఒకటి నీమన్ మార్కస్ అనే ఖరీదైన దుకాణం క్యాటలాగులో పెట్టింది. ధర 10,600 డాలర్లు. వంటావిడ టాగుల్ స్విచ్‌లతో బైనరీలో ప్రశ్న అడిగితే, అది లైట్లు వెలిగించి బైనరీలో జవాబిస్తుంది! సాంబారులో చింతపండు ఎంత వెయ్యాలో ఒకట్లు సున్నాల్లో చదువుకోవాలన్నమాట. ఒక్కటి కూడా అమ్ముడైనట్టు ఆధారం లేదు. సదర్లాండ్ కనీసం భార్య మాట వినగలిగేంత దూరంలో ఉన్నాడు. హనీవెల్ వాళ్ళు అదీ లేరు.

* * *

అసలు కథ స్కాట్లాండ్‌లో మొదలైంది. గ్లెన్‌రోథెస్ అనే ఊళ్ళో పైకో ఎలక్ట్రానిక్స్ అని ఓ చిన్న కంపెనీ, కాల్‌క్యులేటర్ చిప్పులు చేసేది. ప్రాజెక్టులకి వరసగా నెంబర్లే పేర్లు. 1975లో మొదలెట్టిన పదో ప్రాజెక్టు ఎక్స్10. పేరు వెనక అంతకు మించిన మార్మికత ఏమీ లేదు.

ఆలోచన చూడండి ఎంత ముచ్చటగా ఉందో. కొత్త వైర్లు లాగకుండా, ఇంట్లో ఉన్న కరెంటు వైర్ల మీదే సందేశాలు పంపడం. ఏసీ కరెంటు అమెరికాలో సెకనుకి 60 సార్లు పైకీ కిందకీ ఊగుతుంది (మన దగ్గర 50). అలా ఊగుతూ సున్నా దాటే క్షణంలో లైను కాస్త ప్రశాంతంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడు 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఓ మిల్లీసెకను పాటు పంపితే 1, పంపకపోతే 0. పదహారు ఇంటి కోడ్‌లు, ఒక్కోదానికి పదహారు వస్తువులు, మొత్తం 256 అడ్రసులు. ఒక లైటు వెలిగించే సందేశం పూర్తిగా చేరడానికి సుమారు 0.8 సెకను పట్టేది. 1978లో ఇవి అమెరికాలో రేడియో షాక్, సియర్స్ దుకాణాల్లోకి వచ్చాయి. లైటుకి ఓ డబ్బా, చేతిలో ఓ మీటల పెట్టె. సగటు మనిషి కొనుక్కోగలిగిన మొదటి ఆటోమేషన్ ఇదే అనుకోవచ్చు.

లోపాలు? బోలెడు. సందేశం చేరిందో లేదో పంపినవాడికి తెలీదు. మన భాషలో చెప్పాలంటే యూడీపీ. పక్కింటివాళ్ళు కూడా అదే ఇంటి కోడ్ పెట్టుకుంటే, వాళ్ళు మీట నొక్కితే మీ పడగ్గదిలో లైటు వెలగొచ్చు. వీటన్నిటికన్నా తమాషా అయినది ఫేజుల గొడవ. అమెరికా ఇళ్ళకి 120 వోల్టుల వైర్లు రెండు వస్తాయి. ఒక దాని మీది సిగ్నల్ రెండో దాని మీదకి సరిగ్గా దాటదు. కానీ 240 వోల్టుల ఎలక్ట్రిక్ పొయ్యి వేసినప్పుడు ఆ రెంటికీ మధ్య దారి ఏర్పడుతుంది. దాంతో కొన్ని ఇళ్ళల్లో హాల్లో లైటు వంట చేస్తున్నప్పుడు మాత్రమే మాట వినేది :) సాఫ్ట్‌వేర్ బగ్గులతో వేగిపోతున్న మనకి దీన్ని డీబగ్ చెయ్యాల్సి రాలేదు, సంతోషించాలి.

ఇన్ని లోపాలున్నా ఎక్స్10 దశాబ్దాలు బతికింది. ఎందుకు? హాబీ జనాలు దాన్ని దత్తత తీసుకున్నారు. 1980 జనవరిలో 'బైట్' పత్రికలో స్టీవ్ సియార్సియా అనే ఆయన, ఈ మీటల పెట్టెని కంప్యూటర్‌తో ఎలా ఆడించాలో సర్క్యూట్ వేసి మరీ రాశాడు. అంతవరకూ అది రిమోట్ మీటల పెట్టె. కంప్యూటర్ తగిలించాక 'ఫలానా టైముకి, ఫలానా పరిస్థితిలో' అనే షరతులు వచ్చి చేరాయి. 1990ల చివర్లో బ్రూస్ వింటర్ అనే ఆయన పెర్ల్‌లో మిస్టర్‌హౌస్ అనే ప్రోగ్రాం రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఎవరింటి నియమాలు వాళ్ళు పెర్ల్‌లో రాసుకోవచ్చు. పెర్ల్ గురించి తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వుకుంటూ ఉంటారు. ఆర్నెల్ల తర్వాత తను రాసిందేమిటో తనకే అర్థం కాని భాషలో ఇంటి దీపాలు పెట్టుకోవడం! నేను లేకపోతే ఈ ఇంట్లో దీపం వెలగదు అన్న మాట అక్షరాలా నిజమైంది.

ఈ హాబీ లోకంలో ఓ మాట చెలామణిలో ఉంది.. 'వైఫ్ యాక్సెప్టెన్స్ ఫ్యాక్టర్'. పాటల సెట్లు పోగేసే వాళ్ళ దగ్గర పుట్టి ఇక్కడికొచ్చింది. అంటే మన కళాఖండాన్ని ఇంటావిడ ఎంతవరకూ భరిస్తుంది అని. నాకు ఈ మాట నచ్చదు. అది చిన్నచూపని మాత్రమే కాదు, ఇంజనీరింగ్‌గా కూడా తప్పు. మనం టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెట్టి, యూజర్ బగ్ రిపోర్ట్ చేస్తే "ఆవిడకి టెక్నాలజీ పడదు" అనడం అన్నమాట. ఆఫీసులో ఏ కస్టమర్‌తోనైనా ఇలా అనగలమా?

* * *

ఇంతకీ ఇదంతా అమెరికా వాళ్ళ గొడవే, మనకేం సంబంధం అంటారా? అక్కడికే వస్తున్నా. మన పల్లెల్లో సామాన్యుడి ఆటోమేషన్ ఇంట్లో లైటుతో మొదలవలేదు, పొలంలో మోటారుతో మొదలైంది.

వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు విడతలుగా, అర్ధరాత్రీ అపరాత్రీ ఇచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఎప్పుడొస్తుందో తెలీదు. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్ళి స్టార్టర్ నొక్కాలి. ఆ చీకట్లో పాము కాటుకీ షాకుకీ పోయిన ప్రాణాలు ఎన్నో. దానికి రైతు కనుక్కున్న మందు ఆటో స్టార్టర్. మూడు ఫేజులూ వచ్చాయా చూసుకుని, కాసేపాగి, మోటారుని అదే ఆన్ చేస్తుంది. నెట్ లేదు, యాప్ లేదు, సర్వర్ లేదు. పాడైతే ఊళ్ళో మెకానిక్ బాగుచేస్తాడు. తర్వాత్తర్వాత సిమ్‌కార్డు ఉన్న స్టార్టర్లు వచ్చాయి. పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేష్ వాటిలో పేరున్నది. ఫోన్ చేసి ఇంటి నుంచే మోటారు వెయ్యొచ్చు. కంపెనీ పోతే, నేను పోతే అన్న రెండు పరీక్షల్లోనూ ఆటో స్టార్టర్‌కి ఫస్టు క్లాసు మార్కులు.

మరి మొదటి పరీక్ష, కరెంటు పోతే? ఇక్కడే తిరకాసు ఉంది. కరెంటు పోయినప్పుడు ఏమీ కాదు. తిరిగి వచ్చినప్పుడు అవుతుంది. ఫీడరు మీదున్న మోటార్లన్నీ ఇంచుమించు ఒకేసారి లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఆ దెబ్బకి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి. పైగా నీళ్ళు అవసరమున్నా లేకపోయినా మోటారు ఆడుతూనే ఉంటుంది, బోరు అడుగంటుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు ప్రభుత్వం రైతుల్ని అడిగిన మొదటి కోరిక ఆటో స్టార్టర్లు తీసెయ్యమని. భూగర్భజలం మిగలాలంటే తప్పదన్నారు. ఒక్క రైతు దగ్గర నూటికి నూరు పాళ్ళు సరైన పరిష్కారం, ఊరంతా పెట్టుకునేసరికి ఊరికే సమస్య అయింది. స్కేలబిలిటీ గురించి ఇంతకన్నా మంచి పాఠం నేను ఏ ఆర్కిటెక్చర్ పుస్తకంలోనూ చదవలేదు.

* * *

ఇక మన కాలానికొద్దాం. 2014లో షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ చేసిన ఈఎస్పీ8266 అనే చిప్పు బయటికొచ్చింది. కొద్ది డాలర్లకే వైఫై. మొదట్లో దాని వివరాలన్నీ చైనీస్‌లోనే ఉండేవి. ప్రపంచం నలుమూలల హాబీ జనాలు కూర్చుని అనువదించుకుని, తడుముకుని, దాన్ని అర్థం చేసుకున్నారు. చైనాలో చవగ్గా అమ్మే సోనాఫ్ రిలే డబ్బాల్లో కూడా ఇదే చిప్పు. నెదర్లాండ్స్‌లో థియో ఆరెండ్స్ అనే ఆయన ఆ డబ్బాల్లోని కంపెనీ ఫర్మ్‌వేర్ చెరిపేసి తనది రాసి పెట్టుకున్నాడు. అదే టాస్మోటా. ఇంట్లో వస్తువులు మాట్లాడుకోవడానికి వాడే ఎమ్‌క్యూటీటీ ఇంకా పాతది. ఐబీఎం ఉద్యోగి ఆండీ స్టాన్‌ఫర్డ్ క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ కలిసి 1999లో చమురు పైపులైన్ల సమాచారం ఉపగ్రహం ద్వారా తక్కువ ఖర్చుతో పంపడానికి రాసిన ప్రోటోకాల్ అది. ఎక్కడి చమురు పైపు, ఎక్కడి తెనాలి నీళ్ళ పైపు!

ఇదే కాలంలో కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. అందంగా చేశాయి, సులువుగా చేశాయి. ఒక్కటే మెలిక: మీ గదిలో మీట నొక్కితే ఆ మాట సముద్రాలు దాటి ఏదో డేటా సెంటర్‌కెళ్ళి తిరిగొచ్చి పక్క గోడ మీది లైటుకి చెబుతుంది.

దీని ఫలితం 2016లో లోకానికి తెలిసింది. రివాల్వ్ అని 300 డాలర్ల హబ్ ఉండేది. 2014లో దాన్ని గూగుల్ వాళ్ళ నెస్ట్ కొనేసింది. 2016 మే 15న సర్వర్ ఆపేశారు. పాడవలేదు, కాలిపోలేదు, డబ్బు పెట్టి కొన్న పెట్టె ఆ రోజుతో ఉత్త ప్లాస్టిక్. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ వంతు. ఎక్స్10 వారసుడిగా 2005లో వచ్చిన వ్యవస్థ అది. ముందు చెప్పకుండానే సర్వర్లు ఆగిపోయాయి. యాప్‌లు చచ్చాయి. కానీ ఇక్కడో విశేషముంది. దాని గోడ మీటలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి, ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకునేలా కట్టారు కాబట్టి. జూన్‌కల్లా ఆ వస్తువులు వాడే కొందరు కస్టమర్లే కలిసి కంపెనీ ఆస్తుల్ని కొని సర్వర్లు మళ్ళీ లేపారు. ఆలోచించండి, తమ ఇంటి దీపాల కోసం కంపెనీనే కొనుక్కున్నారు!

వీటికి హాబీ జనాల సమాధానం హోమ్ అసిస్టెంట్. పౌలస్ స్కౌట్సెన్ 2013లో పైథాన్‌లో మొదలెట్టాడు. మొదటి కోరిక చాలా చిన్నది, సూర్యాస్తమయానికి ఇంట్లో లైట్లు వెలగాలి. పట్టుదల మాత్రం పెద్దది: అన్నీ ఇంట్లోనే జరగాలి, బయటి సర్వర్ మీద ఆధారపడకూడదు. 2024లో దాని యాజమాన్యాన్ని ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకి అప్పగించారు. ఎవరో వచ్చి కొనేసి మూసేసే వీలు లేకుండా. 'కంపెనీ పోతే' అన్న ప్రశ్నకి ఇంతవరకూ నాకు కనిపించిన మంచి జవాబు ఇది.

కానీ 'నేను పోతే' అన్న ప్రశ్న ఇక్కడా అలాగే ఉంది. యామెల్ ఫైళ్ళు, అప్‌డేట్లు, ఎస్డీ కార్డు పోవడాలు.. ఇవన్నీ మా అమ్మ చూసుకోదు. ఓపెన్ సోర్స్ అయితే చాలు అనుకోవడం మన ఇంజనీర్ల భ్రమ. సోర్స్ తెరిచే ఉంది, చదివేవాడు ఊళ్ళో లేడు. అదే ఎకో ఫోర్, అదే నేలమాళిగ. బరువు మాత్రం 360 కిలోల నుంచి 50 గ్రాములకి తగ్గింది.

* * *

2024 సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మళ్ళీ మొదలెట్టాను. నాన్న పేపరు చాటు నుంచి అనుమానంగా చూస్తూనే ఉన్నారు. ఈసారి పద్ధతి మార్చాను. మోటారు ఆన్ చేసే పని చిప్పుకి ఇవ్వలేదు. పైన ట్యాంకులో మామూలు ఫ్లోట్ స్విచ్, కింద ఓ కాంటాక్టర్. సంపులో ఇంకో ఫ్లోట్, నీళ్ళు లేకపోతే మోటారు ఉత్తినే తిరక్కుండా. కరెంటు పోయొచ్చినా అవే చూసుకుంటాయి. డమ్మీ ప్లేటు తీసేసి దాని స్థానంలో మాన్యువల్-ఆటో మార్చుకునే మీట పెట్టించాను, అదే ఎలక్ట్రీషియన్ చేత. అతనికి అర్థమయ్యేలా వైరింగ్ కాగితం మీద గీసి మీటరు బోర్డు తలుపుకి లోపల అతికించాను. కింద "నీళ్ళు రాకపోతే మీట కుడివైపుకి తిప్పాలి" అని అమ్మ తన చేత్తో రాసింది. నా చిప్పు చేసేదల్లా ట్యాంకులో నీళ్ళెంతున్నాయో చూసి నాకు చెప్పడం. అంతే.

ఆ వేసవిలో ఎండకి మేడ మీద నా చిప్పు మాడిపోయింది. రీడింగులు రావట్లేదని కంగారుగా ఇంటికి ఫోన్ చేశాను. "ఎప్పట్నుంచి పనిచెయ్యట్లేదమ్మా?" అని అడిగితే, "ఏది పనిచెయ్యట్లేదురా? నీళ్ళు వస్తూనే ఉన్నాయిగా!" అంది.

లాగ్‌లు తిరగేశాను. చచ్చి పదకొండు రోజులైంది. ఇంట్లో ఎవరికీ తెలీలేదు.

ముందు కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజం. కానీ నేను ఇంతవరకూ చేసిన డిజైన్లలో ఇదే మంచిదని ఇప్పుడనిపిస్తోంది.

మీ ఇళ్ళల్లో మీరు పెట్టినవి కూడా ఉండే ఉంటాయి. ఓ పని చెయ్యండి. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు రౌటర్ ఆపేసి, మీ ఫోన్ కూడా ఆపేసి, ఓ రోజు ఊరికే కూర్చోండి. ఏమాగిపోయిందో వచ్చి చెప్పండి.